ఎడిట్ చేసినవాడిదా, చేయించినవారిదా?

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీ. పదహారేళ్లుగా ఇంట్లోనే వయొలిన్ నేర్పుతున్నాను. కరోనా తర్వాత మేడమీద గదిని స్టూడియోలా సర్ది, రెండు కెమెరాలు పెట్టి పాఠాలు రికార్డు చేయిస్తున్నాను. నా దగ్గర నేర్చుకున్న కుర్రాడే వీడియోకు 600 రూపాయలు తీసుకుని ఎడిట్ చేసేవాడు. కన్నకొడుకులా చూశాను, మా ఇంట్లోనే అన్నం తినేవాడు. మాటా మాటా పెరిగి మానేశాక 46 పాఠాలు తన యూట్యూబ్ చానల్లో పెట్టుకున్నాడు. మొదటిది పెట్టి రెండేళ్ల నాలుగు నెలలైంది. పెద్దమనుషులతో చెప్పిస్తే ‘ఎడిట్ చేసింది నేను, కాబట్టి నావే’ అంటున్నాడు. కెమెరా కార్డులు అతనే తీసుకెళ్లి ఖాళీ చేసి తెచ్చేవాడు. నా దగ్గరున్నవి అతను వాట్సాప్‌లో పంపిన కాపీలే. సౌండ్ రికార్డరులోవి మాత్రం నేనే కేబుల్‌తో అతని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేదాన్ని. ఆ కార్డు 128 జీబీది, ఎప్పుడూ తుడవలేదు. వాట్సాప్ వీడియోల మీద నా పేరూ పాత తేదీలూ వేయించి సైబర్ పోలీసులకు ఇవ్వమని మావాళ్లు అంటున్నారు. ఇవ్వవచ్చా?

సలహా: అన్నం పెట్టిన సంగతి కోర్టు రాసుకోదు. మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే, అది కూడా మీరు యథాలాపంగా రాసేశారు: సౌండ్ రికార్డరు కార్డు తుడవలేదని. మిగతాదంతా దాని చుట్టూ కట్టుకోవలసిందే.

ముందు హక్కు ఎవరిదో చూద్దాం. 1957 కాపీరైట్ చట్టంలో వీడియో రికార్డింగ్ ‘సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్’ కిందికే వస్తుంది. దానికి కర్త నిర్మాత. నిర్మాత అంటే ఆ పనికి పూనుకుని బాధ్యత వహించిన వ్యక్తి అని సెక్షన్ 2(యుయు) చెబుతోంది. కత్తిరించి అతికించినంత మాత్రాన ఎవరూ కర్త కారు. పైగా డబ్బిచ్చి ఎవరు చేయించుకుంటే తొలి హక్కు వారిదేనని సెక్షన్ 17(బి). వేరే ఒప్పందం ఉంటే తప్ప ఇది మారదు. మీ మధ్య కాగితమే లేదు. హక్కు బదిలీ కావాలంటే సెక్షన్ 19 ప్రకారం సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. అతని చేతిలో అదీ లేదు. కాబట్టి ఆ 600 రూపాయల చెల్లింపులు మీకు ప్రాణం. యూపీఐలో పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి. నగదు చేతికిచ్చి ఉంటే ‘పన్నెండో వీడియో అయిపోయింది, డబ్బులు పంపండి’ లాంటి వాట్సాప్ మాటల కోసం వెతకండి.

ఇది కాక, వాయించిన మనిషిగా మీకు సెక్షన్ 38 కింద ప్రదర్శకురాలి హక్కు వేరే ఉంది. ‘త్యాగరాజ కృతులు ఎవరి సొత్తూ కావు’ అని అతను తప్పకుండా అంటాడు. నిజమే, త్యాగరాజు 1847లోనే కాలధర్మం చెందారు, సాహిత్యానికి కాపీరైట్ లేదు. కానీ మీ కమాను నుంచి వచ్చిన శబ్దానికి, దాని రికార్డింగుకు ఉంది.

ఇప్పుడు ఆ కార్డు సంగతి. మీ పద్ధతిలో కెమెరాలు పట్టిన శబ్దం పారేయడానికే. పాఠం మొదట్లో కొట్టే చప్పట్ల దగ్గర ఎడిటర్ రికార్డరు ఆడియోను, బొమ్మను కలిపి, చప్పట్ల ముందుదీ పాఠం తర్వాతిదీ కోసేస్తాడు. అలా కోసేసిన భాగం మీ కార్డులో ఉంది: శ్రుతి చేసుకోవడం, పిల్లవాడు తప్పు వాయిస్తే ఆపి మళ్లీ మొదలుపెట్టించడం, కింద వంటింట్లో కుక్కరు కూత. అతని వీడియోలోని ధ్వని తరంగాన్ని మీ ఫైలు మీద పరిచి చూస్తే నిపుణుడికి ఒకదానిలో మరొకటి అతికినట్టు దొరుకుతుంది. చానల్లో లేని ముందూ వెనకా మీ దగ్గర ఎందుకున్నాయో అతను చెప్పాలి. అతని దగ్గరా కాపీ ఉండొచ్చు, కానీ రికార్డరే రాసిన కార్డు మీ ఇల్లు దాటలేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో నాణ్యతలో గంటకు ఒక జీబీ చొప్పున లెక్కేస్తే 128 జీబీలో 120 గంటల వరకు పడుతుంది. 46 పాఠాలూ ఉండే అవకాశమే ఎక్కువ.

రికార్డరు గడియారం తప్పు తేదీ చూపిస్తే కంగారు పడకండి, సరిదిద్దకండి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే చాలా రికార్డర్లు ఏదో పాత తేదీకి వెళ్లిపోతాయి. ఫైళ్ల వరుస సంఖ్యలు, వాటి మధ్య ఎడం మీ క్లాసుల పట్టికతో, చెల్లింపులతో సరిపోలితే చాలు.

కార్డును తీసి పక్కనున్న చిన్న లాక్ జరపండి. మైక్రో కార్డయితే అడాప్టరుకు ఆ లాక్ ఉంటుంది. కంప్యూటరులో పెట్టి విని చూడాలనుకోకండి. ఫోరెన్సిక్ నిపుణుడు రైట్ బ్లాకర్‌తో (కార్డు మీద ఏదీ రాయనివ్వని పరికరం) మొత్తం ఇమేజ్ (కార్డుకు అచ్చుగుద్దిన నకలు) తీసి, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కగట్టి ఇస్తాడు. తర్వాత ఇద్దరు సాక్షుల ఎదుట కవరులో సీలు వేయండి, సిలికా జెల్ పొట్లం మరవకండి. మన ఊరి ఉప్పుగాలికి కార్డు కాంటాక్టులు పాడవుతాయి. కాపీలను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి: ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు, రెండింట్లోనూ హ్యాష్. అసలు కార్డునే కోర్టులో పెట్టి రుజువు చేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని పాత సాక్ష్య చట్టం సెక్షన్ 65బి మీద 2020లో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావ్ తీర్పులో చెప్పింది. నా మాట వింటే రెండూ సిద్ధంగా ఉంచుకోండి.

ఇక మీవాళ్ల సలహా. పాత తేదీ వేయించడం అంటే తప్పుడు సాక్ష్యం సృష్టించడం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 228, 229 కింద ఏడేళ్ల వరకు జైలు. దొరకరనుకుంటున్నారేమో, ఎక్స్‌పోర్ట్ చేసిన సాఫ్ట్‌వేర్ జాడ, కొత్త సృష్టి తేదీ చాలాసార్లు ఫైలులోనే ఉంటాయి. అంతకంటే ఘోరం, ఆ ఒక్క అబద్ధంతో నిజమైన కార్డును కూడా జడ్జి నమ్మరు. వాట్సాప్ కాపీలు కుదించినవే అయినా పనికిరానివి కావు. ఏ రోజు మీకు అందించాడో చాట్ చెబుతుంది. చాట్ తుడవకండి, ఫోను మార్చకండి.

కెమెరా కార్డులు మనిషి చేతికిచ్చి, ఖాళీ అయ్యి వస్తుంటే నోట్ బుక్కులోనైనా రాసుకోకపోవడం, రెండేళ్లకు పైగా పెద్దమనుషుల చుట్టూ తిరగడం మీ పొరపాట్లే. పంచాయితీలు లిమిటేషన్‌ను, అంటే దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువును, ఆపవు. నష్టపరిహారానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 88 ప్రకారం ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. 46 వీడియోలకు 46 తేదీలు. మొదటిదానికి మీకు ఎనిమిది నెలలే మిగిలాయి. చానల్లో ఉన్నన్నాళ్లూ ఉల్లంఘన కొనసాగుతోందని వాదించవచ్చు, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. తాత్కాలిక ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) అడిగినప్పుడు ‘ఇన్నాళ్లూ ఏం చేశారు?’ అన్నదే తొలి ప్రశ్న అవుతుంది.

కాపీరైట్ చట్టం సెక్షన్ 62 వల్ల మీరు నివసించే చోటే దావా వేయవచ్చు. దావా విలువ 3 లక్షలు, ఆపైన అయితే కమర్షియల్ కోర్టుకు వెళుతుంది. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ముందుగా మధ్యవర్తిత్వం తప్పనిసరి, మూడు నెలలు పడుతుంది. ఆ కాలం లిమిటేషన్ లెక్కలో కలవదు. ఇన్నాళ్లు ఊరుకున్నాక అత్యవసరం అంటే కోర్టు నమ్మకపోవచ్చు, కనుక మధ్యవర్తిత్వానికే దరఖాస్తు చేయండి. దావా వేశాక అతని హార్డ్ డిస్కు ఇమేజ్ తీయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 39 రూల్ 7 కింద అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వెళ్లే లాయరు) అడగాలి. మీ కెమెరా ఫైళ్లు అక్కడే ఉంటాయి.

యూట్యూబ్‌కు తొలగింపు ఫిర్యాదు ఇవ్వండి, కానీ ఆఖరున. ముందు ప్రతి వీడియోనూ లింకు, అప్‌లోడ్ తేదీ, వీక్షణల సంఖ్య కనబడేలా భద్రపరచాలి. తీసేశాక చూపడానికి ఏమీ మిగలదు. అతను యూట్యూబ్‌కు ప్రతివాదం పంపితే దావా వేసినట్టు చూపడానికి మీకు పది పనిదినాలే ఇస్తారు. కార్డులో ఆడియో దొరికిన వీడియోల మీదే ఫిర్యాదు చేయండి. ఊరికే బెదిరిస్తే కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద అతనే మీ మీద దావా వేయగలడు. తెలిసి చేసిన ఉల్లంఘనకు అదే చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల శిక్ష ఉంది. అయినా కార్డు ఇమేజ్ చేతికి రాకముందే పోలీసుల దగ్గరికి వెళ్లి నోటికొచ్చిన తేదీలు చెబితే, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో వాటినే మీ ముందు పెడతారు.

మీరు రాయని బలహీనత ఒకటుంది. పాఠాల్లో పిల్లల ముఖాలు కనిపిస్తాయి కదా, తల్లిదండ్రుల సమ్మతి ఏదీ? అవతలి లాయరు జవాబు నోటీసులో రాసే మొదటి పేరా అదే. పిల్లల సంతకం చెల్లదు. ఏ వీడియో, ఎక్కడ, ఎన్నాళ్లు అని రాసి తల్లిదండ్రుల చేత ఇవాళ్టి తేదీతోనే సంతకం చేయించండి, వెనకటి తేదీ వేయొద్దు. కొత్త ఎడిటర్‌తోనూ ఒక పేజీ రాసుకోండి: కాపీరైట్ మీదే, అసలు ఫైళ్లు, ప్రాజెక్టు ఫైలు వారంలోగా తిరిగివ్వాలి. కాలపరిమితి రాయకపోతే బదిలీ ఐదేళ్లకే అనుకుంటారు, కాబట్టి అది కూడా రాయండి.

రేపటి క్లాసుకు రికార్డరులో కొత్త కార్డు వేసుకోండి. పాతది ఈ రాత్రే బయటికి తీయండి.