గుహల్లో తాడెక్కేటప్పుడు మెడ ఒరుసుకోకుండా ఎలాంటి చెస్ట్ హార్నెస్ తీసుకోవాలి?

మీరు అడిగింది ఇది: అట్లాంటా దగ్గర ఉంటూ కేవింగ్ నేర్చుకుంటున్నారు, ఫ్రాగ్ పద్ధతిలో (చేతి అసెండర్‌కి, అంటే చేత్తో తాడు మీద పైకి జరిపే పట్టుకి, కట్టిన కాలి లూప్‌లో లేచి నిలబడుతూ, మళ్లీ సీట్ హార్నెస్‌లో కూర్చుంటూ) తాడెక్కుతున్నారు, పది నిమిషాలు కాకముందే పట్టీ మెడ పక్కన ఒరుసుకుపోతోంది. మెత్తటి ప్యాడింగ్ ఉన్న ఖరీదైన చెస్ట్ హార్నెస్ కొంటే బాధ తగ్గుతుందా అని.

ప్యాడింగ్ కోసం డబ్బు పెట్టకండి. బురద నీళ్లలో అది స్పాంజిలా తడిసి బరువెక్కుతుంది, ఒక పట్టాన ఆరదు. పైగా అసలు ఇబ్బంది అక్కడ లేదు. ఫ్రాగ్ పద్ధతిలో చెస్ట్ హార్నెస్ మీ బరువు మొయ్యదు. బరువంతా సీట్ హార్నెస్ మీదా, నిలబడ్డప్పుడు కాలి లూప్ మీదా ఉంటుంది. చెస్ట్ హార్నెస్ చేసేవి రెండే పనులు. మీరు లేచి నిలబడ్డప్పుడు క్రోల్‌ని మీతోపాటు పైకి లాగాలి. కూర్చున్నప్పుడు మీ ఒళ్లు వెనక్కి వాలిపోకుండా తాడు దగ్గరగా పట్టి ఉంచాలి. (క్రోల్ అంటే బొడ్డుకు పైన ఉండే అసెండర్. తాడు మీద పైకి జారుతుంది, కిందికి జారదు. అది పెట్జెల్ కంపెనీ పెట్టిన పేరే అయినా చాలామంది కేవర్లు ఏ కంపెనీదాన్నయినా అలాగే అంటారు.) ఈ రెండు పనులకీ మెడ మీద అంత లాగుడు పడాల్సిన పని లేదు. పడుతోందంటే పట్టీ తప్పు చోటున వెళుతోందన్నా అనుకోవాలి, కింద ఇంకేదో సరిగ్గా లేదన్నా అనుకోవాలి.

అందుకే ముందు సీట్ హార్నెస్ చూడండి. రాళ్లెక్కడానికి వాడే మామూలు హార్నెస్ వేసుకుంటున్నారా? దానికి తగిలించే చోటు ఎత్తుగా, నడుం దగ్గర ఉంటుంది. కేవింగ్ హార్నెస్‌లో తొడల పట్టీలు రెండూ ముందుకొచ్చి, సగం చందమామ ఆకారంలో ఉండే పెద్ద మైలాన్‌లో (మర తిప్పి మూసే లోహపు కొక్కెం) కలుస్తాయి. అది బాగా కిందికి ఉంటుంది. క్రోల్ కింది రంధ్రం ఆ మైలాన్‌లోకి వెళ్లాలి. మైలాన్ ఎత్తుగా ఉంటే క్రోల్ కూడా ఛాతీ మీదకి ఎక్కుతుంది, ఒక్కో అడుగూ కురచైపోతుంది, చెస్ట్ పట్టీకి బిగించడానికి చోటే మిగలదు. అలాంటప్పుడు ఎంత మంచి చెస్ట్ హార్నెస్ తెచ్చినా లాభం లేదు. నడుం పట్టీ తుంటి ఎముకల పైన గట్టిగా కూర్చోవాలి. అది వదులైతే మీరు లేచినప్పుడల్లా హార్నెస్ జారుతుంది, ఆ జారుడంతా చెస్ట్ పట్టీ మీదుగా మెడ మీదకే వస్తుంది.

ఇక రకాలు. అన్నిటికన్నా తేలికైనది మెడలో వేసుకునే ఒంటి లూప్. ఇరవై మీటర్ల లోపు ఎక్కడానికి పరవాలేదు, అంతకు మించితే మెడ వెనక నరాలు పట్టేస్తాయి. మీరు వాడుతున్నది ఇదే అయితే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే, మార్చేయండి. రెండోది ఎనిమిది అంకె ఆకారంలో వేసుకునే ఒంటి పట్టీ. రెండు చేతులూ రెండు లూపుల్లోంచి వెళతాయి, వీపు మీద పట్టీలు అడ్డంగా దాటుకుంటాయి, ముందు రెండు కొసలూ క్రోల్ పై రంధ్రం దగ్గర కలుస్తాయి. ఎక్కువమందికి కుదిరేది ఇదే. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న నైలాన్ పట్టీ 3 మీటర్లు, ఒక లోహపు బకిల్ ఉంటే సొంతంగా కూడా చేసుకోవచ్చు. భారీ మనిషికి ఇంకో అర మీటరు కావాలి. మూడోది స్కూల్ బ్యాగులా రెండు భుజాల మీదుగా వచ్చే పట్టీల రకం. ఇది మెడకి దూరంగా, భుజం మధ్యలో కూర్చుంటుంది. మెడ కురచగా ఉన్నవాళ్లకీ, భుజాలు వాలుగా లేనివాళ్లకీ ఇదే సుఖం. వాలు భుజాలవాళ్లకి మాత్రం పట్టీ జారిపోతుంటుంది, వాళ్లకి ఎనిమిది ఆకారమే మేలు.

ఆడవాళ్లు కొనేటప్పుడు ఇంకో విషయం చూసుకోవాలి. ఎనిమిది ఆకారంలో పట్టీ చంక కింద నుంచి ఛాతీ మధ్యకి ఏటవాలుగా వస్తుంది. అది రొమ్ము మీదుగా పోతే ఎక్కిన ప్రతి అడుగుకీ నొక్కుతుంది. భుజాల మీదుగా దిగి, మధ్యలో వై అక్షరంలా కలిసే రకమైతే రెండు పట్టీలూ లోపలి పక్కగా దిగుతాయి. దుకాణంలో చొక్కా మీద వేసుకుని చూస్తే ఇది తెలియదు, తాడు మీద వేలాడితేనే తెలుస్తుంది.

వెడల్పు విషయంలో చాలామంది పొరబడతారు. వెడల్పు పట్టీ మెత్తగా ఉంటుందనుకుంటారు గానీ, 45 మిల్లీమీటర్ల పట్టీ భుజం వంపులో చదునుగా కూర్చోదు. దాని లోపలి అంచు మాత్రమే మెడకి తగులుతుంది, కత్తి అంచులా కోస్తుంది. 25 నుంచి 30 మిల్లీమీటర్లుండి, అంచులు గరుకు లేని పట్టీ చాలు. కొనేముందు అంచుని ముంజేతి మీద పదిసార్లు రుద్దండి. అక్కడ ఎర్రబడితే మెడ దగ్గరా ఎర్రబడుతుంది.

బకిల్ ఎక్కడ కూర్చుంటుందో చూడటం మర్చిపోవద్దు. కాలర్ ఎముక మీద పడకూడదు, దానికి నాలుగు వేళ్ల కింద ఉండాలి. కొసని ఒక చేత్తో కిందికి లాగితే బిగియాలి, బకిల్ పెదవిని పైకెత్తితే వదులవ్వాలి. అదీ బురద అంటిన గ్లవుజుతో. దీన్ని బాగా ఒత్తి చెబుతున్నాను, ఎందుకంటే సుఖంలో సగం ఇక్కడే ఉంది. చెస్ట్ హార్నెస్ బిగువుగా ఉండాల్సింది ఎక్కేటప్పుడు మాత్రమే. దిగేటప్పుడూ, నడిచేటప్పుడూ, తాడు మధ్యలో గోడకి కట్టిన చోట క్రోల్ విప్పి మార్చేటప్పుడూ వదులుగా ఉండాలి. అలా మార్చాలంటే నిటారుగా లేచి క్రోల్ మీద బరువు తీసెయ్యాలి, పట్టీ బిగిసి ఉంటే లేవలేరు. వదులు చేయడం కష్టమైతే ఎవరూ చేయరు, రోజంతా వంగిన నడుంతోనే తిరుగుతారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. మిగిలిన కొస వేలాడనివ్వకండి, మడిచి పట్టీలోకే దోపండి. దిగేటప్పుడు అది తాడుతోపాటు డిసెండర్‌లోకి (తాడు మీద దిగడానికి వాడే పరికరం) లాక్కుపోతే మధ్యలో ఇరుక్కుపోతారు. జుట్టుకీ ఇదే జాగ్రత్త.

ఎంత బిగించాలో చూసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. గుహలో వేసుకునే బట్టలన్నీ వేసుకోండి, లోపలి ఫ్లీస్, పైన ఓవర్‌సూట్‌తో సహా. సీట్ హార్నెస్, క్రోల్ పెట్టుకోండి. కాస్త ముందుకి వంగి చెస్ట్ పట్టీ బిగించండి. ఇప్పుడు నిటారుగా నిలబడబోతే పూర్తిగా నిలబడలేకపోవాలి, క్రోల్ పొట్టకి చదునుగా ఆనుకుని ఉండాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, నిండుగా ఊపిరి పీల్చగలగాలి. తర్వాత నేలకి మోకాలెత్తున తాడు మీద వేలాడి పావుగంట సేపు లేస్తూ కూర్చోండి. మీరు మోసుకెళ్లే సంచీని కూడా మైలాన్‌కి తగిలించండి, లేకపోతే ఈ పరీక్ష సగమే. వేళ్లు తిమ్మిరెక్కితే పట్టీ చంకలో నొక్కుతోందని అర్థం. కూర్చున్నప్పుడు తల వెనక్కి వాలిపోతుంటే పట్టీ వదులు. ప్రతి అడుగుకీ మెడ ముందుకి గుంజుతుంటే మరీ బిగువు.

వదులు పట్టీ వల్ల పోయేదేమిటో లెక్క వేసి చూడండి. మీ జార్జియా రాష్ట్రంలోనే ఉన్న ఎలిసన్స్ గుహలోని ఫెంటాస్టిక్ పిట్ అనే బావిలాంటి గొయ్యి 179 మీటర్ల నిలువు. ఒక్కో లేవడానికి 40 సెంటీమీటర్లు ఎక్కితే దాదాపు 448 సార్లు లేవాలి. పట్టీ వదులై, క్రోల్ ఆలస్యంగా కదిలి, ప్రతిసారీ 6 సెంటీమీటర్లు వృథా అయితే 527 సార్లు. దాదాపు 80 సార్లు ఊరికే లేచినట్టు. ఆ అలసటంతా చేతుల్లో, మెడలో తేలుతుంది.

అన్ని నొప్పులకీ చెస్ట్ హార్నెస్‌నే తిట్టడం కూడా సరికాదు. మొదటి ఏడెనిమిది మీటర్లలో కింద వేలాడే తాడుకి బరువు చాలదు, క్రోల్ తాడుని కూడా పైకి ఈడ్చుకుపోతుంది. అప్పుడు పట్టీ ఇంకా బిగించకండి. కింది తాడుని చేత్తో లాగండి, లేదా పాదాల మధ్య నొక్కి పట్టి లేవండి. కాలి లూప్ పొడవు కూడా చూసుకోండి. లూప్‌లో పూర్తిగా నిలబడ్డప్పుడు చేతి అసెండర్ క్రోల్‌కి రెండు మూడు వేళ్ల పైన ఉండాలి. పాదాలు ముందుకి తన్నకుండా మడమలు పిర్రల కిందికి తెచ్చుకుని, నేరుగా కిందికి తొక్కండి. ఇది కుదిరితే చేతులు తాడుని పట్టుకోవడానికే, లాగడానికి కాదు.

మీ ప్రాంతంలో మందపాటి తాడుని ఎక్కడా గోడకి ఆపకుండా ఒకే పొడవున వేలాడదీసే అలవాటుంది కాబట్టి, అక్కడ రోప్‌వాకర్ పద్ధతి వాడేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అందులో రెండు కాళ్లకీ అసెండర్లుంటాయి, ఛాతీ మీద రోలర్ ఉన్న పెట్టె తాడుని పట్టుకుని మనిషిని నిలువుగా నిలబెడుతుంది. వాళ్ల చెస్ట్ హార్నెస్ నిజంగానే బలంగా లాగుతుంది, అందుకే వెడల్పుగా, ఛాతీ చుట్టూ బిగువుగా ఉంటుంది. వాళ్లది చూసి మీరు ఫ్రాగ్ కోసం అలాంటిది కొనకండి, రోలర్ పెట్టె పెట్టాలనుకుంటే మాత్రం సన్నపట్టీ పనికిరాదు.

ఏ రకమైనా సరే, చెస్ట్ హార్నెస్ ఒక్కదానికే ఎప్పుడూ వేలాడకండి, కౌస్‌టెయిల్ తాళ్లు (మనల్ని తాడుకో గోడకో తగిలించుకునే పొట్టి తాళ్లు) దానికి తగిలించకండి. అవి మైలాన్‌కే. తాడు మీద ఎవరైనా కదలకుండా వేలాడుతుంటే, సీట్ హార్నెస్‌లో ఉన్నా సరే, నిమిషాల్లో ప్రాణం మీదకి రావచ్చు. అలాంటివాళ్లని దించే పద్ధతి నేలకి దగ్గరగా నేర్చుకున్నాకే గుహలోని లోతైన బావిలోకి దిగండి.

గుహ నుంచి వచ్చాక బకిల్ పళ్లలో ఇరుక్కున్న బంకమట్టిని మెత్తటి బ్రష్షుతో, మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఆ మట్టి అలాగే ఉండిపోతే తర్వాతిసారి పట్టీ కొద్దికొద్దిగా జారుతుంది. నైలాన్ తడిస్తే కాస్త సాగుతుంది కూడా, అందుకే నీళ్లు కారే బావిలో మొదటి పది మీటర్లు ఎక్కాక ఒకసారి ఆగి మళ్లీ బిగించుకోండి.