మామిడి కొమ్మ మీదిది బదనిక కాదు, ఆర్కిడ్

ప్రశ్న: మా పాత మామిడి తోటలో రెండు చెట్ల కొమ్మలకు దళసరి ఆకుల మొక్క పట్టుకుంది. తెల్లటి వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. గళ్లగళ్ల పూలు, మంచి వాసన. బదనిక, కొట్టేయమని కొందరంటున్నారు. మా అబ్బాయి ఆర్కిడ్ అంటున్నాడు. దీన్ని పెంచి అమ్ముకోవచ్చా? ఫొటో పంపుతున్నాను.
– ఒక రైతు, మైదుకూరు మండలం, కడప జిల్లా

జవాబు: దయచేసి కొట్టేయకండి. మీ అబ్బాయి చెప్పిందే నిజం. ఫొటోలో ఉన్నది వాండా టెస్సెలేటా అనే ఆర్కిడ్. బదనిక వేరు కొమ్మలోకి దిగి రసం పీలుస్తుంది. పట్టిన చోట కొమ్మ కణితిలా ఉబ్బుతుంది, ఆ పైభాగం ఎండిపోతుంది. అలాంటిది కనిపిస్తే కోసేయాల్సిందే. ఈ ఆర్కిడ్ వేళ్లు మాత్రం బెరడు మీదే పాకుతాయి. చెట్టు దీనికి ఆసరా, అంతే.

వేలాడే వేరు మీద కాసిని నీళ్లు చల్లి చూడండి, తెల్లనిది పచ్చబడుతుంది. వేరు చుట్టూ స్పాంజిలాంటి పొర ఉంటుంది. అది నీరు పీల్చుకోగానే లోపలి పచ్చదనం బయటపడుతుంది. సీమ ఎండల్లో ఈ మొక్క నిలబడుతున్నది ఆ పొర వల్ల, దళసరి ఆకుల వల్ల. సామర్లకోటలో ఏళ్లపాటు పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లోనే దీన్ని బొమ్మతో సహా వర్ణించారు. అంత పాత చరిత్ర ఉన్న మొక్క మీ తోటలో పూస్తోంది!

ఇక అమ్మకం సంగతి. విత్తనంతో పెంచడం ఇంట్లో అయ్యే పని కాదు. ఒక్కో కాయలో లెక్కలేనన్ని ధూళిలాంటి గింజలుంటాయి గానీ వాటిలో ఆహార నిల్వ ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రం సాయం చేస్తేనే మొలుస్తాయి. 1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండానే, చక్కెర కలిపిన పోషక మాధ్యమం మీద మొలిపించి చూపాక ప్రయోగశాలలకు ఆ దారి దొరికింది. మీరైతే మొక్క బాగా పొడవు పెరిగాక, మూడు నాలుగు వేళ్లున్న పైభాగాన్ని కోసి, కొబ్బరి పీచుతో చెక్కకు కట్టి నీడన వేలాడదీయండి. పొద్దున్నే వేళ్లు పచ్చబడేదాకా తడపండి. సాయంత్రానికి ఆరిపోవాలి. ఎండాకాలంలో రెండు పూటలా తడపాలి.

పూల మార్కెట్లో అడిగేవి డెండ్రోబియం అనే మరో రకం ఆర్కిడ్ సంకరాలు. వాటికి 50–75 శాతం నీడ, 70 శాతం దాకా గాలిలో తేమ, లవణాలు తక్కువున్న నీరు కావాలి. మన వేసవి వడగాడ్పుల్లో ఆ తేమ నిలపడం ఖరీదైన పని. ఎవరో చెప్పారని అప్పు చేసి షేడ్‌నెట్ వేయకండి. ముందు మీ బోరు నీరు పరీక్ష చేయించండి. ఉప్పు ఎక్కువుంటే ఆ ఆలోచన మానేయండి, లేదా వాననీటి తొట్టి కట్టుకున్నాకే కొద్ది మొక్కలతో మొదలుపెట్టండి. లంకమల, నల్లమల నుంచి మాత్రం ఒక్క మొక్క కూడా పీకి తేవద్దు, అది నేరం.