సమాధానం: మాంచెస్టర్ గ్రామర్ స్కూల్ ప్రభుత్వానిదా, ప్రైవేటుదా?

ఇంగ్లండ్‌లోని ఈ బడి గురించి ఒకచోట 'ఉచిత సీట్లు' ఉన్నాయని, మరోచోట 'పూర్తిగా ఫీజుల బడి' అని కనిపించిందన్నారు. మీకు దొరికిన ఆ రెండు వివరాలూ సరైనవే, కాకపోతే కాలాలు వేరు. 'ఉచిత సీట్లు' అన్నది 1976కు ముందు సంగతి, 'పూర్తిగా ఫీజుల బడి' అన్నది ఆ తర్వాతది. టైమ్‌లైన్ ఇలా పేర్చండి:

1. 1515: ఎక్సెటర్ బిషప్ హ్యూ ఓల్డమ్ స్థాపించారు.

2. 1931: ఊరి నడిబొడ్డు నుంచి ఫాలోఫీల్డ్ వైపు మారింది. మారింది చోటే, హోదా కాదు.

3. 1944 విద్యా చట్టం తర్వాత: అందరూ తడబడేది ఇక్కడే. పేరులో గ్రామర్ స్కూల్ (పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే బడి) అని ఉంది కదా అని, స్థానిక ప్రభుత్వ సంస్థ నడిపే బడిగా రాసేస్తారు. ఇది 'డైరెక్ట్ గ్రాంట్' బడి. పాలకమండలి స్వతంత్రం, గ్రాంటు మాత్రం నేరుగా కేంద్ర ప్రభుత్వం నుంచి. అందుకు బదులుగా కనీసం 25 శాతం సీట్లు ప్రభుత్వ ప్రైమరీ బడుల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మిగతావాళ్ళకు తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ఫీజు. కాబట్టి ఈ కాలానికి 'ప్రభుత్వ', 'ప్రైవేట్' రెండూ వద్దు, 'డైరెక్ట్ గ్రాంట్' అనే వేరే గడి పెట్టండి.

4. 1975: లేబర్ పార్టీ ప్రభుత్వం ఈ గ్రాంటు ఆపాలని నిర్ణయించింది. స్థానిక సంస్థ కింద కాంప్రహెన్సివ్‌గా (పరీక్షతో ఎంచుకోకుండా అందరినీ చేర్చుకునే బడిగా) మారడమో, ఫీజులతో సొంతంగా నడుచుకోవడమో తేల్చుకోవాల్సి వచ్చింది. ఈ బడి 1976లో రెండోది ఎంచుకుంది.

అప్పటికే చేరిన పిల్లలకు చదువు పూర్తయ్యేదాకా సాయం అందింది. అందుకే 1976 తర్వాత కూడా కొన్నేళ్ళు గ్రాంటు ప్రస్తావన కనిపిస్తే కంగారు పడకండి.