‘ఎండీ’ కొకైన్ కంటే తేలికా? పాఠకుల ప్రశ్నలకు వైద్యుల జవాబులు

ప్ర: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ‘ఎండీ’ వాడానని ఒప్పుకున్నాడు. అది కొకైన్ లాంటిది కాదు, చాలా లైట్ అంటున్నాడు. నిజమేనా?
– ఒక తల్లి, హనుమకొండ

జ: నిజం కాదమ్మా. ఎండీ పేరుతో మన దగ్గర చేతులు మారేది ఎక్కువగా మెఫెడ్రోన్. ఎక్స్‌టసీ అనే ఎండీఎంఏ వేరు. కొనేవాళ్లే ఈ రెండింటి దగ్గర పొరబడుతుంటారు.

యెమెన్, ఇథియోపియాల్లో జనం నమిలే ఖాత్ ఆకులో కాథినోన్ అనే ఉత్తేజకం ఉంటుంది. మెఫెడ్రోన్ ఆ కుటుంబానికి చెందిన రసాయనమే, కానీ ఆకు నుంచి తీసింది కాదు, పూర్తిగా ల్యాబ్ సరుకు. బ్రిటన్‌లో కొన్నాళ్లు ‘మొక్కల ఎరువు, మనుషులు తినడానికి కాదు’ అని ప్యాకెట్ మీద అచ్చేసి మరీ అమ్మారు. 2010 ఏప్రిల్‌లో అక్కడ నిషేధించారు. మన దేశంలో 2015లో మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో చేర్చారు.

ఇక పోలిక. మెదడులో ఒకసారి విడుదలైన డోపమైన్ అనే రసాయనం తిరిగి కణాల్లోకి వెళ్లకుండా కొకైన్ అడ్డుపడుతుంది. ఎక్స్‌టసీ ప్రధానంగా సెరటోనిన్ అనే మరో రసాయనాన్ని బయటికి నెడుతుంది. మెఫెడ్రోన్ డోపమైన్, సెరటోనిన్ రెండింటినీ బయటికి నెడుతుంది. అసలు చిక్కు ప్రభావం ఉండే సమయంతో వస్తుంది. ఎక్స్‌టసీ 3 నుంచి 6 గంటలు ఉంటుంది, మెత్ (మెథాంఫెటమిన్) అంతకంటే చాలా ఎక్కువ సేపు. మెఫెడ్రోన్ మింగితే 2, 3 గంటలు, పీలిస్తే ఇంకా తక్కువ. దిగిపోతుండగానే మళ్లీ కావాలనిపిస్తుంది, తెల్లారేలోపు ఎన్నిసార్లు తీసుకున్నారో వాళ్లకే లెక్క ఉండదు. గుండె దడ, బీపీ, పళ్లు కొరకడం, ముక్కులోంచి రక్తం, నిద్ర లేకపోవడం, ఆపైన ఎవరో వెంటపడుతున్నారనే భయం. కొకైన్‌తో వచ్చే గుండె ముప్పు దీనితోనూ ఉంది. పైగా కొకైన్ గురించి వైద్యానికి దశాబ్దాల అనుభవం ఉంది, మెఫెడ్రోన్ లాంటి వాటి దీర్ఘకాలిక ప్రభావాల గురించి అంత లేదు. పొడిలో నిజంగా ఏం కలిసిందో అమ్మినవాడికీ తెలియదు. ‘లైట్’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు!

ప్ర: మెడికల్ షాపులో దొరికే కిట్‌తో మూత్రం పరీక్షిస్తే నెగటివ్ వచ్చింది. నమ్మొచ్చా?
– ఒక తండ్రి, విజయవాడ

జ: పూర్తిగా నమ్మలేం. మామూలు కిట్లలో యాంఫెటమిన్ అనే ఉత్తేజకాన్ని పట్టే గీత ఉంటుంది గానీ, మెఫెడ్రోన్ లాంటి కాథినోన్లు చాలాసార్లు దానికి దొరకవు. పైగా వాడిన కొద్ది రోజులకే మూత్రంలో ఆనవాలు పోతుంది. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ వల్ల తప్పుడు పాజిటివ్ రావడమూ ఉంది. కచ్చితంగా తెలియాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువును బట్టి రసాయనాన్ని గుర్తించే పద్ధతి) ఉన్న ల్యాబ్‌కే పంపాలి, ఏం అనుమానిస్తున్నారో ముందే చెప్పాలి. ఇంట్లో కిట్ చేతబట్టి పోలీసు పని చేస్తే మాత్రం పిల్లలు నోరు విప్పరు.

ప్ర: పార్టీలో స్నేహితుడికి ఒళ్లు కాలిపోయి, కలవరింతలు మొదలైతే ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జ: వెంటనే 108కి ఫోన్ చేయండి. జనానికీ శబ్దానికీ దూరంగా తీసుకెళ్లండి. పైబట్టలు తీసి, తడిగుడ్డలతో తుడుస్తూ ఫ్యాన్ పెట్టండి. ఇది జ్వరం కాదు, పారాసెటమాల్ పనిచేయదు. లీటర్ల కొద్దీ నీళ్లు తాగించకండి: ఎక్స్‌టసీ అయితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. స్పృహ తప్పి ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతులు కాళ్లు కట్టేయకండి, పెనుగులాటతో వేడి ఇంకా పెరుగుతుంది. ఏం తీసుకున్నాడో, మద్యం కలిసిందో లేదో దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. కొకైన్, మద్యం కలిస్తే కాలేయంలో కోకాఎథిలిన్ తయారై గుండెకు ముప్పు పెంచుతుంది.

ప్ర: మానేయడానికి మందు ఉందా? ఆసుపత్రికి వెళితే కేసు పెడతారా?
– పేరు వద్దన్నారు, కరీంనగర్

జ: హెరాయిన్ మానడానికి బుప్రెనార్ఫిన్ అనే మందు ఉన్నట్టు, ఉత్తేజకాలకు ఆమోదం పొందిన మందు లేదు. కౌన్సెలింగే ప్రధాన చికిత్స. మొదటి రోజుల్లో విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు ఉంటాయి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఆగకుండా డాక్టర్‌ను కలవండి. కేసు సంగతికొస్తే, ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ ప్రకారం, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో చిక్కిన వ్యసనపరుడు ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో తానే ముందుకొచ్చి చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో ఆపేస్తే ఆ రక్షణ పోవచ్చు. మెఫెడ్రోన్‌కు చిన్న పరిమాణం 2 గ్రాములు, 50 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. ముందు 14446కి ఫోన్ చేయండి. డీఅడిక్షన్ కోసం నడిచే జాతీయ టోల్‌ఫ్రీ నంబర్ అది.