ఒక బంటు ఎక్కువున్నా గెలుపు ఎందుకు దక్కలేదు?

ప్రశ్న: నేనూ నా మిత్రుడూ ఏళ్ల తరబడి చదరంగం ఆడుతున్నాం. గెలుపోటములు ఇద్దరికీ ఇంచుమించు సమానమే. మొన్నటి ఆటలో చివరికి చెరొక ఏనుగు, నాకు ఐదు బంట్లు, ఆయనకు నాలుగు మిగిలాయి. నా అదనపు బంటు మిగతావాటికి దూరంగా, బల్ల అవతలి అంచున ఉంది. బంట్లన్నీ మార్చుకుంటూ వచ్చి, నాకు నడిమి బంటు ఒక్కటే మిగిలేలా చూశాను. ఆయనకు ఒక్కటీ లేదు. అయినా ఆట డ్రా అయింది. చివరి ఎత్తుల్లో నేను చేసిన తప్పేమిటి?

జవాబు: చివరి ఎత్తుల్లో మీ తప్పేమీ లేదు. మీరు రాసి పంపిన ఎత్తుల ప్రకారం, మీ బంటు మంత్రిగా మారవలసిన గడిలోనే మీ మిత్రుని రాజు నిలబడి ఉంది. ఆయన ఏనుగు తన వైపు నుంచి మూడో అడ్డువరుసను కాపలా కాస్తూ మీ రాజును అందులో కాలు పెట్టనివ్వలేదు. దారిలేక మీరు బంటునే ఆ వరుసలోకి నెట్టారు. అంతటితో మీ రాజు తలదాచుకోవలసిన గడి మూసుకుపోయింది. ఆయన వెంటనే ఏనుగును మీ మొదటి వరుసకు దించి, వెనుక నుంచి చెక్ మీద చెక్ చెప్పారు. ఈ కాపలా పద్ధతిని 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిదోర్ పేరుతో పిలుస్తారు. ఇలా సరిగా కాచుకుంటే ఆ స్థితి ఎవరికైనా డ్రాయే. మీ మిత్రుడు నిజంగా చక్కగా ఆడారు.

పొరపాటు అంతకు చాలా ముందే జరిగింది. బంటు ఎక్కువున్నవారు ఏనుగు, గుర్రం వంటి పెద్ద పావులను మార్చుకోవాలి గాని బంట్లను కాదు. ఏనుగులు కూడా పోయి రాజులూ బంట్లే మిగిలితే ఒక్క బంటు ఆధిక్యం తరచుగా ఆటనే గెలిపిస్తుంది. ఏనుగులు ఉండగా బంట్లు తరిగేకొద్దీ కాచుకునేవారి పని తేలికవుతుంది. మీ అంచు బంటును ఎదుటి బంటుతో మార్చుకోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. దాని వెనుక మీ ఏనుగును నిలిపి ముందుకు నడిపి ఉంటే, ఆయన ఏనుగు దానికి అడ్డంగా కట్టుబడిపోయేది, మీ రాజు రెండోవైపు బంట్ల మీదికి వెళ్లగలిగేది. అప్పుడైనా గెలుపు ఖాయమని చెప్పలేను, కాని ఆయన ప్రతి ఎత్తుకూ ఆలోచించవలసి వచ్చేది.

సమఉజ్జీల మధ్య ఒక బంటుకు మించిన ఆధిక్యం అరుదుగా చిక్కుతుంది కనుక, ఆరంభపు ఎత్తులు బట్టీపట్టే సమయంలో సగం ఏనుగుల ముగింపులకు కేటాయించండి. ముందుగా ఆ ఐదు, నాలుగు బంట్ల స్థితినే మళ్లీ పేర్చి, ఒకసారి మీరు, ఒకసారి మీ మిత్రుడు అదనపు బంటు వైపు కూర్చుని ఆడి చూడండి.