యుద్ధం వస్తే నాయకుడి రేటింగ్ పెరుగుతుందా? డాలస్‌లో నేను చూసింది

యుద్ధం మొదలవగానే నాయకుడి రేటింగ్ ఎందుకు పెరుగుతుంది, అది నిలుస్తుందా అని అడిగారు. పెరుగుతుంది. నిలవడమే కష్టం.

నేను 2001 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి డాలస్ వెళ్లాను. బాబాయికి అక్కడ గ్యాస్ స్టేషన్ ఉండేది, అంటే మన పెట్రోల్ బంకే. శని, ఆదివారాలు కౌంటర్ పక్కన కూర్చునేవాణ్ణి.

సెప్టెంబర్ 11 దాడులకు ముందు గ్యాలప్ అనే సంస్థ సర్వేలో అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ పనితీరు బాగుందన్నవాళ్లు 51 శాతం. రెండు వారాలు తిరిగేసరికి 90. ఆ మధ్యలో ఆయన ఒరగబెట్టింది అంత ఉందా అంటే, నాకైతే కనిపించలేదు. తిట్టేవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. సైనిక చర్యకు అనుమతిచ్చే తీర్మానం సెనేట్‌లో 98-0, ప్రతినిధుల సభలో 420-1తో నెగ్గింది. రోజూ కాఫీకి వచ్చే ఒక ముసలాయన, 2000 ఎన్నికల్లో బుష్ చేతిలో ఓడిన అల్ గోర్‌కి ఓటేసినవాడు, "ఇప్పుడు పార్టీలు గీర్టీలు లేవు" అనేశాడు.

సర్వేల్లో కనబడని ముక్క ఇంకోటుంది. ఆ నెల 15న ఆరిజోనాలోని మీసాలో ఒక సిక్కు గ్యాస్ స్టేషన్ యజమానిని, తలపాగా చూసి అరబ్బు అనుకుని, కాల్చి చంపారు. మర్నాడే బాబాయి తలుపుకి, కౌంటర్ అద్దానికి, ఆఖరికి బయటి ఐస్ పెట్టెకి కూడా అమెరికా జెండా స్టిక్కర్లు అంటించాడు. "సర్వేవాళ్లు ఫోన్ చేస్తే ఏం చెప్తావ్ బాబాయ్?" అనడిగితే, "బ్రహ్మాండంగా చేస్తున్నాడని చెప్తాన్రా, మనకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. ఆ 90లో ఇలాంటి భయాలు ఎన్ని కలిశాయో!

2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైనప్పుడు రేటింగ్ మళ్లీ లేచింది, కానీ 71 దగ్గరే ఆగింది. ఇరాక్ నియంత సద్దాం దొరికినప్పుడు ఇంకో చిన్న గెంతు, అంతే. ఇరాక్‌లో ఉన్నాయని చెప్పిన సామూహిక విధ్వంస ఆయుధాలు దొరకలేదు, సైనికుల శవపేటికలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఇలాంటప్పుడు మొత్తం శాతం కంటే అవతలి పార్టీవాళ్లు ఏమంటున్నారో చూడాలి. 2004 నాటికి రిపబ్లికన్లలో ఆయనకు 90 దాకా ఉంటే, డెమొక్రాట్లలో 20 కూడా లేదు. అంతకుముందు అధ్యక్షుడిగా చేసిన వాళ్ల నాన్న, పెద్ద బుష్ సంగతి మరీ అన్యాయం: 1991లో గల్ఫ్ యుద్ధం గెలిచి 89 తెచ్చుకున్నాడు, మరుసటి ఏడాది 29కి పడి ఎన్నికే ఓడిపోయాడు.

కొడుకు 2008 అక్టోబరుకి 25కి దిగాడు. ఆ వేసవిలో గ్యాలన్ పెట్రోల్ 4 డాలర్లు దాటింది. పొడుగు కర్రతో ధరల బోర్డు మీద అంకెలు మారుస్తుంటే, కాఫీ ముసలాయన కింద నిలబడి బుష్‌ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.