టెక్ సందేహాలు: అక్షరాలు పెద్దవి చేస్తే హెడింగ్ అయిపోదు

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్ టీచర్‌ని. సోషల్ నోట్స్ వర్డ్‌లో చేసి పిల్లలకు పంపాను. మా క్లాసులో చూపు లేని అబ్బాయి ఒకడు ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) పెట్టుకుని వింటాడు. ఏ పాఠం ఎక్కడుందో దొరకడం లేదని, ప్రతిసారీ మొదటి నుంచి వినాల్సి వస్తోందని అంటున్నాడు. హెడింగులన్నీ బోల్డ్ చేసి, సైజు పెంచి, ఎర్ర రంగులో పెట్టాను. ఇంకేం చేయాలి?

జవాబు: మాస్టారూ, మీ హెడింగులు కంటికి మాత్రమే హెడింగులు. వర్డ్ లెక్కలో అవి కూడా మామూలు పేరాలే, అందుకే ఎన్‌వీడీఏ వాటిని మిగతా వాక్యాలతో కలిపి చదువుకుంటూ పోతుంది. ఇది హెడింగ్ అని వర్డ్‌కి తెలియాలంటే హోమ్ ట్యాబ్‌లో స్టైల్స్ దగ్గర ఉన్న హెడింగ్ 1, హెడింగ్ 2 వాడాలి. పాఠం పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్+ఆల్ట్+1 నొక్కండి, దాని లోపలి ఉపశీర్షికకు కంట్రోల్+ఆల్ట్+2. ఇక ఆ అబ్బాయి ఇన్సర్ట్+స్పేస్‌తో బ్రౌజ్ మోడ్‌లోకి (ఒక్కో కీతో డాక్యుమెంట్‌లో తిరిగే పద్ధతి) వెళ్లి హెచ్ నొక్కుతూ ఉంటే ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కి వెళ్లిపోతాడు, 1 నొక్కితే పాఠాల పేర్లు మాత్రమే వస్తాయి.

ఇన్ని పేజీల్లో ఒక్కోటీ మార్చాలా అని టెన్షన్ పడకండి. ఒక పాత హెడింగ్‌ని సెలెక్ట్ చేసి, హోమ్ ట్యాబ్ కుడి చివర సెలెక్ట్‌లో ‘సెలెక్ట్ ఆల్ టెక్స్ట్ విత్ సిమిలర్ ఫార్మాటింగ్’ కొడితే అదే సైజు, అదే రంగులో ఉన్నవన్నీ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి, అప్పుడు స్టైల్ ఇచ్చేయండి. ఎరుపు రంగే కావాలంటే స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి మాడిఫైలో ఒక్కసారి మార్చుకుంటే చాలు, అన్ని చోట్లా మారిపోతుంది. విషయసూచిక కూడా రిఫరెన్సెస్ ట్యాబ్ నుంచి దానంతటదే తయారవుతుంది, పేజీ నంబర్లు చేత్తో కొట్టే పని ఉండదు.

కొత్త పాఠం కొత్త పేజీలో రావాలని చాలామంది వరసగా ఎంటర్లు కొడతారు. వినేవాళ్లకు ప్రతి ఖాళీ లైన్ దగ్గరా ‘బ్లాంక్, బ్లాంక్’ అని వినిపిస్తుంది. కంట్రోల్+ఎంటర్ కొడితే సరిపోయేదానికి వాళ్లకెందుకు ఆ విసుగు? సంవత్సరాలు, సంఘటనల పట్టికను స్పేస్‌లతో సర్దకుండా ఇన్సర్ట్ నుంచి నిజమైన టేబుల్ పెట్టండి, గళ్లు కలపకండి, పై వరుసకు ‘రిపీట్ హెడర్ రోస్’ ఇవ్వండి.

సోషల్ అంటే మ్యాపులు ఉంటాయి కదా, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో మాటల్లో రాసే చోటు) కనిపిస్తుంది. అందులో ‘నదుల పటం’ అని రాసి వదిలేస్తే ఆ పిల్లవాడికి ఏమీ అందదు. ‘కృష్ణా నది మహాబలేశ్వర్ దగ్గర పుట్టి మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మీదుగా పారి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది’ అని రాయండి. మిగతా పిల్లలు ఆ పటంలో చూసి నేర్చుకునేది అతనికి మాటల్లో దొరకాలి. బొమ్మను ‘ఇన్ లైన్ విత్ టెక్స్ట్’లోనే ఉంచండి, లేకపోతే చదివే వరుస తప్పుతుంది. అంతా అయ్యాక రివ్యూ ట్యాబ్‌లో చెక్ యాక్సెసిబిలిటీ నొక్కితే మిగిలిపోయినవి చూపిస్తుంది. కాకపోతే ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో చెప్పగలదు గానీ, బాగా రాశారో లేదో దానికి తెలియదు.

ప్రశ్న: స్టైల్‌లో మండలి ఫాంట్ పెట్టినా తెలుగు అక్షరాలు మారడం లేదు, ఇంగ్లీషువి మాత్రమే మారుతున్నాయి. పైగా వత్తులు సగం తెగిపోతున్నాయి.

జవాబు: వర్డ్ తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ కింద లెక్కేస్తుంది. స్టైల్ మాడిఫైలో ఫార్మాట్, ఫాంట్‌లోకి వెళ్తే కింద కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే భాగం ఉంటుంది, తెలుగు ఫాంటూ సైజూ అక్కడ ఇవ్వాలి. వత్తులు తెగుతున్నాయంటే లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’లో ఉండి ఉంటుంది, ‘మల్టిపుల్’ చేసి 1.2 లేదా 1.3 పెట్టి చూడండి. తెలుగుకు ఇటాలిక్ మాత్రం వద్దు. మన ఫాంట్లలో చాలావాటికి విడిగా ఇటాలిక్ లేదు, వర్డ్ ఉన్న అక్షరాన్నే పక్కకు వంచుతుంది, చూపు తక్కువున్నవాళ్లకు అది చదవడం మరీ కష్టం.

ప్రశ్న: మాది తెనాలిలో డీటీపీ సెంటర్. అను ఫాంట్లలో కొట్టిన పాత సావనీర్‌ని వర్డ్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఫాంట్ మారిస్తే తెలుగు కనిపిస్తోంది, అలాగే ఇచ్చేయొచ్చా?

జవాబు: ప్రింటుకైతే ఇవ్వొచ్చు. చదివి వినిపించడానికి పనికిరాదు. ఆ పాత ఫాంట్లలో లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్‌లే, తెలుగు ఆకారం మాత్రం ఫాంట్ తగిలిస్తుంది. స్క్రీన్ రీడర్‌ ఆకారాన్ని చూడదు, కోడ్‌ని చదువుతుంది. కంట్రోల్+ఎఫ్‌తో తెలుగు మాట వెతికినా దొరకనిది అందుకే. అను నుంచి యూనికోడ్‌కి (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) మార్చే ఉచిత కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, మీ అను వర్షన్‌కు సరిపోయేది చూసుకోండి. మార్చాక ప్రూఫు తప్పకుండా చూడాలి, ముఖ్యంగా వత్తులు, సంయుక్తాక్షరాలు. కొత్త పని మాత్రం మొదటి నుంచే యూనికోడ్‌లో కొట్టండి, దయచేసి.

ప్రశ్న: వర్డ్‌లో అన్నీ సరిచేశాను. పీడీఎఫ్ చేస్తే హెడింగులు పోతున్నాయి.

జవాబు: మీరు ప్రింట్‌కి వెళ్లి పీడీఎఫ్ ఎంచుకుంటున్నట్టున్నారు. అలా చేస్తే కాగితం మీద కనిపించేది మాత్రమే మిగులుతుంది. ఫైల్, సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో ‘డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ ఫర్ యాక్సెసిబిలిటీ’కి టిక్ ఉందో లేదో చూడండి, హెడింగులను పీడీఎఫ్‌లోకి తీసుకెళ్లేవి ఆ ట్యాగ్‌లే. లిబ్రే ఆఫీస్‌లో అయితే ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్‌లో ‘యూనివర్సల్ యాక్సెసిబిలిటీ’ అని ఉంటుంది. ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపే సర్క్యులర్ అయితే అది ఉత్త ఫొటోనే, దానితో పాటు ఈ ట్యాగ్‌లున్న పీడీఎఫ్ కూడా జత చేయండి.